ఓ అంటే ఓళిగ

1992 జూన్‌లో శింగనమల మండలంలోని ఒక చిన్న పల్లె బడికి నన్ను వేశారు. ఊరి పేరు రాయడం లేదు. అప్పటి నా పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులూ తండ్రులూ అయ్యారు, వాళ్ళ ఇళ్ళ సంగతులు కొన్ని ఇందులో వస్తాయి. నేను పుట్టి పెరిగింది అనంతపురం టౌనులో. బుక్కపట్నంలో టీచరు ట్రైనింగు ముగించుకుని, చంకలో కొత్త చార్టుల చుట్ట పెట్టుకుని శింగనమలలో బస్సు దిగాను. అక్కణ్ణుంచి కాలినడక. దారి పొడుగునా ఎర్రనేల, తంగేడు చెట్లు, దూరంగా శ్రీరంగరాయల చెరువు కట్ట. అంత పెద్ద చెరువును అంతవరకూ నేను చూడలేదు. లోపల నీళ్ళు లేవు, జీవాలు మేస్తున్నాయి.

బడి అంటే రెండు గదులు. అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లం. నాతోటి సారు నెలలో సగం రోజులు ఏదో ఒక సర్కారు పని మీద బయటే ఉండేవారు కాబట్టి చాలా రోజులు నేనొక్కదాన్నే. మొదటిరోజు ఒకటో తరగతి పిల్లల ముందు అచ్చుల చార్టు తగిలించాను. ఓ దగ్గరికొచ్చేసరికి ఒక పిల్ల లేచి అడిగింది.

"అది ఏంది టీచర్?"

"ఓడ."

"యాడుంటాది?"

"సముద్రంలో."

"సముద్రం యాడుంటాది?"

నేను జవాబు వెతుక్కుంటుండగానే పక్కనున్న పిల్లోడు దానికి చెప్పాడు: "చెరువు నిండితే వస్తాదిలే."

ఆ మాట నాకు ముద్దొచ్చింది, అంతే. దాని లోతు అప్పుడు తెలియలేదు. తెలిసింది ఇంకో వారానికి. వాచకంలో గేదె బొమ్మ వచ్చింది. చూపించీ చూపించకముందే తరగతి తరగతంతా ఒక్క గొంతుతో "ఎనుము!" అని అరిచింది. వాళ్ళ ముఖాల్లో అంత సంతోషం అదే మొదటిసారి చూడటం. బడికొచ్చాక తమకు తెలిసినది ఒకటి కనబడింది కదా. నేను ట్రైనింగులో నేర్చుకున్నట్టే నిదానంగా, నవ్వుతూ, "కాదు, గేదె అనాలి" అన్నాను. అందరూ నోరు మూసుకున్నారు. ఆ తర్వాత ఏ బొమ్మ చూపించినా ముందుగా ఎవరూ పలకలేదు. నా ముఖం చూసేవాళ్ళు, నేనేదంటే అది అనేవాళ్ళు. పొరకను చూపిస్తే పొరక అనడానికి భయం. ఎర్రగడ్డను చూపిస్తే ఆ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయేది. పొద్దున్నుంచీ ఇంటి దగ్గర గలగలా మాట్లాడిన పిల్లలు బడి గడప దాటగానే మూగవాళ్ళయ్యారు. అది చేసింది నేనే, ఒక్క మాటతో.

ఈ నేల మాటతోనే సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి కథలు రాశారు. ఆ కథలకు పత్రికల్లో చోటు దొరికింది, అవార్డులు వచ్చాయి. నా చేతిలోని ఒకటో తరగతి వాచకంలో మాత్రం ఆ మాటకు చోటు లేదు.

అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడుస్తుండేది. మేమంతా అపెప్ అనేవాళ్ళం. దాని శిక్షణలో ఆరు సూత్రాలు చెప్పారు. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, జట్లుగానూ విడివిడిగానూ పనిచేయాలి, వాళ్ళ పనిని గోడల మీద ప్రదర్శించాలి, ఇలాంటివి. అందులో ఒకటి, స్థానిక పరిసరాలను వాడుకోవాలన్నది. అందరం నోటు పుస్తకాల్లో రాసుకున్నాం. పరిసరాలంటే ఆకులూ రాళ్ళూ అనుకున్నాం. పిల్లల నోట్లో ఉన్న మాట కూడా పరిసరమేనని శిక్షణలో ఎవరూ అనలేదు, నాకూ తట్టలేదు. ఎనుము సంగతి జరిగాకనే తట్టింది.

అది తట్టిన మర్నాటి నుంచి ఒక పని మొదలుపెట్టాను. పొద్దున రాగానే ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లోడు ఇంటి నుంచి తెచ్చిన మాట ఒకటి నాకు చెప్పాలి. అది నేను అట్ట ముక్క మీద రాసిస్తాను, కింద వాళ్ళు బొమ్మ వేయాలి. అట్టలకు డబ్బు లేదు. ఊళ్ళోని పాత పెళ్ళిపత్రికలన్నీ అడిగి తెచ్చి, ఖాళీగా ఉన్న వెనక వైపు వాడాం. మొదటి మూడు రోజులూ నన్ను మెప్పించడానికి కలము, పలక, బడి అని పుస్తకం మాటలే తెచ్చారు. నాలుగో రోజు ఓడను అడిగిన పిల్ల దగ్గరికొచ్చి, చెవిలో రహస్యం చెప్పినట్టు "ఓళిగ" అంది. ఓళిగ అంటే బొబ్బట్టు. వాళ్ళింట్లో ముందురోజు చేశారట. ఆ అట్టముక్క మీద అది గుండ్రంగా సున్నా చుట్టి, నడుమ పసుపు రంగు పూసింది. మధ్యాహ్నం లోపల తరగతిలో అందరికీ ఓ వచ్చేసింది. అన్నాళ్ళుగా ఓడతో రానిది.

అక్కణ్ణుంచి మాటలు వరదలా వచ్చాయి. మడక, గొర్రు, సంగటి, గెనెం, దుడ్లు, మటిక్కాయ, కసువు, మరువ. దీపావళి దాటేసరికి గోడ మీద మా సొంత అచ్చుల చార్టు తయారైంది. అ అలసంద, ఇ ఇస్తరాకు, ఈ ఈతచాప, ఉ ఉర్లగడ్డ, ఊ ఊరుబిండి, ఎ ఎనుము, ఓ ఓళిగ. ఋ ఒక్కదానికి ఇంటి మాట దొరకలేదు, ఋషినే ఉంచుతామన్నాను. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న ముసలాయన ఒకాయన అందుకున్నాడు. "ఉంచమ్మా, ఋషి మనోడే. శృంగి మహర్షి ఈడ తపస్సు చేసినాడని కదా శింగనమల అని పేరొచ్చింది." ఆ చార్టులో ఒక్క బొమ్మ కూడా పిల్లలు చూడనిది లేదు, ఋషి తప్ప. ఆయన బొమ్మకు గడ్డం మాత్రం ఆ ముసలాయనదే వేశారు.

ఇంతవరకూ నాకు అంతా బాగానే తోచింది. ఆ సంక్రాంతి తర్వాత ఒక తండ్రి బడికొచ్చాడు. కాలనీలో ఉంటాడు, సొంత చేను లేదు, మూటలు మోసే కూలి. చెప్పులు బయట విడిచి గడప దగ్గరే నిలబడ్డాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. చార్టు వైపు చేయి చూపించి నిదానంగా అన్నాడు:

"టీచరమ్మా, ఎనుమును ఎనుమని మా యమ్మ నాకు నేర్పిచ్చింది, నేను నా కొడుక్కు నేర్పిచ్చినా. దానికి బడి యానికమ్మా? నేను అనంతపురంలో మూట దించి నోరు తెరిస్తే నవ్వుతారు. వాణ్ణి చూసి నవ్వగూడదు. నువ్వు గేదె నేర్పియ్యి."

నేను ఏదో చెప్పబోయాను. మన భాష గొప్పది, సిగ్గుపడకూడదు, అట్లాంటివి. చెప్పలేకపోయాను. టౌనులో పుట్టినదాన్ని, నా మాట విని నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. నవ్వులు పడ్డది ఆయన. ఆ రాత్రంతా ఆలోచించాను. ఆయన అడిగింది న్యాయమే. ఇంటి మాటను తోసేస్తే పిల్లోడు మూగవాడవుతాడు, అక్కడే ఆపేస్తే లోకం వాడి ముందు తలుపు వేస్తుంది. బడి రెండూ ఇవ్వాలి, ఒకదాని కోసం ఇంకొకటి లాక్కోకుండా.

మర్నాడు నల్లబల్లను నిలువుగా రెండు చేశాను. ఎడమ వైపు ఇంటి మాట, కుడి వైపు పుస్తకం మాట. ఎనుము, గేదె. పొరక, చీపురు. ఎర్రగడ్డ, ఉల్లిపాయ. మటిక్కాయ, గోరుచిక్కుడు. ఉర్లగడ్డ, బంగాళదుంప. ఇంటి మాట పిల్లలు చెప్పాలి, పుస్తకం మాట నేను చెప్పాలి. తప్పు అన్న మాటను ఆ రోజుతో నా నోట్లోంచి తీసేశాను. "ఇది ఇంటి మాట, దీని పుస్తకం మాట ఏంది?" అని మాత్రమే అడగాలి. కొన్ని మాటలకు కుడి వైపు ఖాళీగా ఉండిపోయింది. చెరువు నిండి నీళ్ళు పొర్లిపోయే చోటును మరువ అంటారు. దానికి నా దగ్గర అంత చక్కటి మాట లేదు. అలుగు అని కొందరంటారు, అది మా వైపు మాట కాదు. అప్పుడు ఒకడు లేచి "టీచర్‌కు రాలేదు, మనకే వచ్చు" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి.

అదే ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు ఆ గోడ చూసి, "పిల్లల యాస సరిచేయమని పంపితే మీరు యాసకు చార్టు కట్టారా" అని అడిగారు. చార్టు తీయించారు. ఆయన వెళ్ళాక మళ్ళీ తగిలించాం. దాని గురించి ఇంతకంటే రాయవలసింది లేదు.

1990ల నడుమ మా వైపు టీచర్లం కొందరం మదనపల్లె దగ్గర రిషివ్యాలీకి వెళ్ళాం. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన పెద్ద పాఠశాలను చూడటానికి కాదు. చుట్టుపక్కల పల్లెల్లో వాళ్ళు నడుపుతున్న ఒంటి గది బడులను చూడటానికి. పద్మనాభరావు, రమ దంపతులు ఆ పద్ధతిని తయారుచేశారు. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతుల పిల్లలు. అంటే దాదాపు మా బడే. కానీ అక్కడ అరుపులు లేవు. గోడ మీద నిచ్చెన బొమ్మ ఒకటి, దాని మెట్టు మెట్టుకూ ఒక గుర్తు. పిల్లోడు వచ్చి తనెక్కడున్నాడో చూసుకుంటాడు, ఆ గుర్తున్న కార్డు తీసుకుంటాడు, తన జట్టులో కూర్చుంటాడు. కొన్ని కార్డులు టీచరు పక్కనుండి చేయించేవి, కొన్ని తోటి పిల్లలతో కలిసి చేసేవి, కొన్ని ఒంటరిగా చేసేవి. కార్డుల్లో ఆ పల్లెల పాటలూ కథలూ పొడుపుకథలూ ఉన్నాయి. మైసూరు వైపు హెగ్గడదేవనకోట టీచర్లు దీన్ని చూసి వెళ్ళి 1995లో నలి-కలి మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి, ఆ తర్వాత తమిళనాడు అంతటికీ ఇదే పాకింది. పల్లె బడిలో పుట్టినది మహానగరపు బడికి పాఠమైంది.

నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. రెండు వారాలు జ్వరమొచ్చి మానేసిన పిల్ల ఆ రోజే తిరిగొచ్చింది. నిచ్చెన దగ్గరికి పోయి తన మెట్టు వెతుక్కుంది, కార్డు తీసుకుని కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. మా దగ్గర శెనక్కాయ పంట ఎత్తాక సగం ఇళ్ళు సుగ్గికి పోతాయి. బెంగుళూరులో బిల్డింగు పనికో, ఇంకెక్కడో చేలల్లో కూలికో. పిల్లలు నాలుగు నెలల తర్వాత వస్తే పాఠాలు ఎక్కడో ఉంటాయి, వాళ్ళెక్కడో ఉంటారు. ఒక నెల బిక్కుబిక్కుమంటూ కూర్చుని మానేస్తారు. తిరిగొచ్చిన బిడ్డకు తన మెట్టు అట్లాగే కాచుకుని ఉండే బడి ఒకటి సాధ్యమని అక్కడ కళ్ళారా చూశాను. వచ్చాక మా పెళ్ళిపత్రికల అట్టలకు గుర్తులు వేసుకున్నాం. మా నిచ్చెనకు చివరి మెట్టు మరువ. అది దాటితే నీళ్ళు పారినట్టు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా ఈ జ్ఞాపకాలు రాయడం అబద్ధమవుతుంది.

పిల్లల ఇళ్ళను బడిలోకి తేవాలన్న ఉత్సాహంలో ఒక గోడకు మా ఇంటి పని అని పేరు పెట్టాను. ఒక్కో పేరు పక్కన వాళ్ళింట్లో చేసే పని, వాడే పనిముట్టు బొమ్మ. మడకలు, మగ్గాలు, సారెలు, కొలుములు, అన్నీ వచ్చాయి. ఉరుము వాయించే కుటుంబపు పిల్లోడొకడు ఉరుము బొమ్మ చాలా బాగా వేశాడు. ఆ పక్కన నేను వాడి పేరు రాశాను. రెండు రోజులకు వాడు బడికి రావడం మానేశాడు. జ్వరమనుకున్నాను. నాలుగో రోజు ఇంటికి పోతే వాళ్ళ తాత అరుగు మీద ఉన్నాడు. నాకు పీట వేయించి, తను నేల మీద కూర్చున్నాడు.

"ఉరుము గురించి చెప్పమంటే నేనొచ్చి చెప్తాకదమ్మా. గోడకు వాని పేరు పక్కన యానికి రాసినావు?"

నాకు నోట మాట రాలేదు. ఆ గోడ మీద నేను రాసినవి పనులు కావు, కులాలు. ఊళ్ళో అందరికీ తెలిసినదాన్నే అందంగా రంగులు వేసి, బడి గోడకెక్కించి, పిల్లల చేతనే చదివించాను. మడక పక్కన పేరున్నవాడికి ఏ నొప్పీ లేదు. నొప్పి ఎక్కడుందో నాకు కనబడలేదు, ఎందుకంటే అది నాది కాదు. ఆ సాయంత్రమే గోడకు సున్నం కొట్టించాను. పిల్లల సంస్కృతిని గౌరవిస్తున్నామని చెప్పే ప్రతి టీచరూ ఈ చోట ఒకసారి ఆగాలి. ఊరిలో ఉన్నదంతా ఎత్తుకొచ్చి గోడకు తగిలించడం గౌరవం కాదు. ఏది తెచ్చుకోవాలో, ఎవరి నోటితో చెప్పించాలో చెప్పే హక్కు ఆ ఇంటివాళ్ళది.

తర్వాతి నెలలో ఆ పెద్దాయన తనంతట తానే వచ్చాడు, ఉరుముతో. నా కుర్చీ వేశాను. ఆయన చాలాసేపు దాని పక్కనే నిలబడి, తర్వాత అంచున కూర్చున్నాడు. ఉరుమును ఒక వైపు పుల్లతో కొట్టి, ఇంకో వైపు వంపు కర్రతో రుద్దితే మేఘం మూలిగినట్టు శబ్దం వచ్చింది. గదిలో గాలి వణికింది. చిన్నపిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. తాళాన్ని ఆయన చేతి మీద లెక్కపెట్టి చూపించాడు. మూడూ నాలుగూ కలిస్తే ఏడు, ఏడు రెండుసార్లయితే పద్నాలుగు. నేను నెల రోజులు తంటాలు పడిన ఏడో ఎక్కం పిల్లలు చప్పట్లతో గంటలో పట్టుకున్నారు. మనవడు ముందు వరసలో కూర్చుని, తాత తప్పు వేస్తాడేమోనని పెదాలు కదుపుతున్నాడు. ఆ సాయంత్రం ఊళ్ళోంచి ఇద్దరు పెద్దలొచ్చి కుర్చీ సంగతి అడిగారు. బడిలో పాఠం చెప్పినవాళ్ళకు కుర్చీ వేస్తాం, మీరొచ్చి చెప్పినా వేస్తాం అన్నాను. వాళ్ళకు అది నచ్చలేదు. కొన్నాళ్ళు ఇద్దరు పిల్లలను బడికి పంపలేదు కూడా. తర్వాత పంపారు.

ఇంకొక పాప గుర్తొస్తుంది. తోట కాపలాకు వచ్చిన సుగాలి కుటుంబం. ఆ పాపకు తెలుగు రాదు. మొదటి రోజంతా ఏడుస్తూ "యాడీ, యాడీ" అంటోంది. మా వైపు యాడ అంటే ఎక్కడ. ఎక్కడికి పోవాలో అడుగుతోందనుకుని, "యాడికీ పోవద్దు, ఈడ్నే ఉండు" అని నేను సముదాయిస్తున్నాను. సాయంత్రం వాళ్ళమ్మ గట్టు మీద కనబడగానే అదే మాట అరుచుకుంటూ పరుగెత్తింది. వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ. రోజంతా ఆ బిడ్డ అమ్మను పిలిస్తే, నేను ఎక్కడికీ పోవద్దన్నాను. మర్నాడు మొదటి అట్టముక్క ఆ మాటే. బల్ల మీద రెండో గీత గీసి, మూడో వరస చేశాం. అమ్మ, తల్లి, యాడి. రొట్టె, రొట్టె, బాటి. మిగతా పిల్లలు ఆమె చుట్టూ చేరి, ఇదేమంటారు, అదేమంటారు అని ప్రాణం తీశారు. వారంలో ఆ పాప తరగతికి టీచరైపోయింది. 2004లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో, అందులో బంజారా భాషలోనూ, ప్రాథమిక తరగతుల బోధన మొదలుపెట్టిందని చదివినప్పుడు నాకు ముందు ఆ ఏడుపే వినబడింది.

చాలా ఏళ్ళకు న్యూజిలాండ్ టీచరు సిల్వియా ఆష్టన్ వార్నర్ 1963లో వేసిన టీచర్ అనే పుస్తకం గురించి తెలిసింది. మావోరీ పిల్లలు రోజుకో మాట చెబితే ఆమె కార్డు మీద రాసిచ్చేదట. అమెరికాలోని టూసాన్‌లో లూయిస్ మోల్ బృందం టీచర్లను మెక్సికన్ కూలీల ఇళ్ళకు పంపి, ఆ ఇళ్ళలో ఎంత విద్య ఉందో చూసి రమ్మంది. ఆ సంగతి 1992లో రాసింది, సరిగ్గా నేను చంకలో ఓడ చార్టుతో బస్సు దిగిన ఏడాది.  ఎక్కడో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇదే దారిన నడిచారని తెలిస్తే కలిగే ధైర్యం మాటల్లో చెప్పలేను. ఆ పల్లెలో మేం ఒంటరిగా ఉన్న రోజుల్లో అది తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

లెక్కలూ సైన్సూ చేనులోనే ఉన్నాయి. కిలో శెనక్కాయలు తూచి, ఒలిచి, పప్పు తూచాం. ఏడు వందల గ్రాముల పైచిలుకు వచ్చింది. శాతమంటే ఏంటో నేను చెప్పనక్కర లేకపోయింది. విత్తనం కాయలు ఒలిచే కూలికి పోయే తల్లుల బిడ్డలు వాళ్ళు. అడుగు చదునుగా ఉన్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి వాన కొలిచాం. నెలల వారీగా కాదు, కార్తెల వారీగా. మృగశిర, ఆరుద్ర, పునర్వసు. అవ్వలు మాట్లాడేది ఆ లెక్కలోనే కదా. అనంతపురానికి ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు అని పుస్తకం. ఒక రోజు గంటలో కుండపోతగా పడి డబ్బాలో నాలుగు వేళ్ళ ఎత్తు నిలిచింది. పిల్లలు గంతులు వేశారు. ఒక అవ్వ మమ్మల్ని చేనులోకి తీసుకుపోయి వేలు గుచ్చి చూపించింది, రెండు కణుపుల కింద పొడి మట్టి. నీళ్ళన్నీ వంకలో పడి పోయాయి. ఇంకో వారం దాంట్లో సగం వాన తెల్లవార్లూ సన్నగా పడింది, జానెడు పదును దిగింది. "డబ్బా లెక్క డబ్బాది, పదును లెక్క చేనుది" అంది అవ్వ. ఆ తర్వాత మా పట్టికలో రెండు గడులు పెట్టాం, ఒకటి డబ్బాకు, ఒకటి వేలికి.

2000లో ఆ పట్టికలో వాన బాగానే ఉంది. చేలు పచ్చగా లేచాయి. శ్రావణం దాటేసరికి పిల్లలు వాడిన మొక్కలు పట్టుకుని బడికి రావడం మొదలైంది. చిగుళ్ళు మాడి, కాండం నల్లబడి, పీకితే చేతిలోకి వస్తున్నాయి. అది కాండం కుళ్ళు తెగులని, జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిన్నదని తర్వాత తెలిసింది. టొబాకో స్ట్రీక్ అనే వైరస్. వయ్యారిభామ పూల పుప్పొడిలో అది ఉంటుంది, తామర పురుగులు దాన్ని శెనక్కాయ ఆకుకు చేరుస్తాయి. శాస్త్రవేత్తలు ఈ సంగతి తేల్చాక, 2001లో మా పిల్లలు చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, వయ్యారిభామ పూతకు రాకముందే గట్ల మీద పీకారు. ఇంటికి పోయి పెద్దవాళ్ళతో చేను చుట్టూ జొన్న వరసలు వేయించారు. బడి నుంచి చేనుకు పోయిన మొదటి పాఠం అది. అంతవరకూ చేను నుంచి బడికే వచ్చేవి.

కానీ 2000లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఉన్నది మాడిన చేను. ప్రతి ఏడూ పంట ఎత్తాక పోయేవాళ్ళు ఆ ఏడు ఎత్తడానికి పంట లేక దసరాకే మూటలు కట్టారు. నాలుగో తరగతిలో పద్నాలుగు మందిలో తొమ్మిది మంది పోతున్నారు. అందులో ఓళిగ పిల్ల చెల్లెలు ఒకతె. లారీ కోసం రోడ్డు మీద కూర్చున్నప్పుడు ఒక్కొక్కరికీ నా చిరునామా రాసిన పోస్టుకార్డు ఇచ్చాను. నిచ్చెన మీద మీ మెట్టు అట్లాగే ఉంటుంది, చెరపను అని చెప్పాను. వాళ్ళ తల్లులు నా చేతులు పట్టుకున్నారు, ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తొమ్మిది కార్డుల్లో ఒక్కటే వచ్చింది, సంక్రాంతి దాటాక. మూలలు సిమెంటు అంటి గట్టిపడ్డాయి. చెల్లెలి అక్షరాలు. కార్డు మీద నిలువుగా రెండు గీతలు గీసి, మూడు వరసలు చేసింది. పైన ఇంటి మాట, పుస్తకం మాట, బెంగుళూరు మాట అని రాసింది.

ఇసుక, ఇసుక, మరళు.

కంకర, కంకర, జల్లి.

చువ్వ, ఇనుప కడ్డీ, కంబి.

బడి, పాఠశాల, శాలె.

చోటు చాలక చివరి మాట అంచున పైకెక్కింది. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యముంది: "టీచర్, శాలె ఈడ దూరముండాది, నేను పోలేదు, మాట మాత్రం కనుక్కున్నా."